ఈశాన్యం మూల రాయి

"ఆ రాయి దగ్గర మీరున్నారా, లేరా? ఒక్క ముక్క చెప్పండి చాలు."

దామోదర్ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి గరాజ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక కాలి బూటు విప్పాడు. భార్య ముఖం చూసి రెండోది విప్పడం మానేశాడు.

"ఏ రాయి?"

"ఎన్ని రాళ్ళు పీకించారేమిటి?" అంది రేణు. "ఈశాన్యం మూలది. నా పేరు చెప్పి పీకించింది. పోయిన నెల గుడి క్యాంటీన్‌లో మీ బావగారు అందరి ముందూ నా నెత్తిన పెట్టింది. ఆ రాయి."

"మళ్ళీ మొదలెట్టావా? అయిపోయిందిగా ఆ గొడవ."

"మీకు అయిపోయింది. నాకు ఇవాళే మొదలైంది. ఇప్పుడే మార్తాతో మాట్లాడాను."

ఆ పేరు వినగానే దామోదర్ రెండో బూటూ విప్పాడు. దాన్ని అరలో పెట్టాడు. మళ్ళీ తీసి, మొదటి దాని పక్కన వరసగా పెట్టాడు. ఈ మనిషి వస్తువులు సర్దుతున్నాడంటే అబద్ధం వెతుక్కుంటున్నాడని రేణుకి తెలుసు. ఇన్నేళ్ళు కాపురం చేసింది మరి.

మార్తా అంటే సుంబాలో వాళ్ళకి నేల ఇచ్చిన మనిషి. ఇండోనేషియాలో ఓ మూలనున్న దీవి అది. అక్కడి పల్లె బడిలో ఆవిడ హెడ్మాస్టరు. పరాయి దేశం వాళ్ళు అక్కడ నేల కొనుక్కోవడానికి వీల్లేదు కాబట్టి, కొండ మీద సముద్రం కనబడే తమ కుటుంబం నేలను ముప్పై ఏళ్ళ లీజుకిచ్చింది. ఇక్కడ అమెరికాలో అరోరా, నేపర్‌విల్ ఊళ్ళ చుట్టుపక్కల పది తెలుగు కుటుంబాలు కలిసి తీసుకున్నాయి. ముందు నడిచినవాడు రఘువీర్, దామోదర్ అక్క మొగుడు. యాభై దాటగానే ఉద్యోగాలకి దండం పెట్టేసి, వరసగా పది ఇళ్ళు కట్టుకుని, పొద్దున్నే సముద్రం చూస్తూ కాఫీ తాగుదామన్నాడు. కాఫీ సంగతి దేవుడెరుగు, గోడలు మోకాలెత్తు లేచి ఆగిపోయాయి. ఆ రాయి కదిలిన మర్నాటి నుంచి పల్లెవాళ్ళు ఒక్కరూ పనిలోకి రాలేదు. నీళ్ళ లారీ కొండెక్కలేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఊరికే మానేశారు.

ఇందులో రేణు చేసిన నేరం ఒక్కటే. స్థలం ఫొటోలు విజయవాడ సిద్ధాంతి రామమోహన్ గారికి జూమ్‌లో చూపించింది. ఈశాన్యంలో బరువు పనికిరాదు, ఏమున్నా నైరుతికి జరిపించండి అన్నాడాయన. ఆ మాట మొగుడి చెవిన వేసింది. బల్లలా ఉన్న ఆ నల్లరాయి కింద మార్తా నాయనమ్మ ఉందని ఆమెకెలా తెలుస్తుంది? జేసీబీ తెచ్చి దాన్ని పెకిలించాక గదా తెలిసింది.

"క్షమాపణ చెప్పుకుందామని చేశాను ఫోను," అంది రేణు. "మన స్మృతి ఆవిడ బడి నంబరు వెతికి పెట్టింది. 'రాయి జరపమన్నది నేనేనమ్మా, తెలియక చేశాను' అన్నాను. ఆవిడేమందో తెలుసా? 'నువ్వెవరు? నాకు మాటిచ్చింది నువ్వు కాదే' అంది."

దామోదర్ జేబులోంచి కారు తాళాలు తీసి కొక్కేనికి తగిలించాడు.

"ఏ మాటైనా అనుకునే ముందు వాళ్ళు ఆకూ వక్కా పెడతారట. పుచ్చుకుని నమిలితే మాట ఇచ్చేసినట్టేనట. మనకేమైనా కొత్తా అది? ఆ రాయి పక్కన నిలబడి, 'ఇది మా నాయనమ్మ సమాధి, కదపకండి, మీ ఇళ్ళు ఈమె చుట్టూ కట్టుకోండి' అని చెప్పి మరీ చేతిలో పెట్టిందట. ఇద్దరు మగవాళ్ళు పుచ్చుకుని నమిలారట. ఒకడు మీ బావ. రెండోవాడికి అలవాటు లేక కళ్ళు తిరిగితే, ఆవిడే మంచినీళ్ళిచ్చి నీడలో కూర్చోబెట్టిందట. ఎవరండీ ఆ రెండోవాడు?"

"రేణూ, నెమ్మదిగా. అమ్మాయి పైనే ఉంది."

"ఎవరని అడిగాను."

"నేనే."

వంటింట్లో గ్రైండరు తిరుగుతోంది. రేణు వెళ్ళి దాన్ని ఆపింది. వెనక్కి వచ్చేసరికి దామోదర్ సోఫాలో కూర్చుని మోకాళ్ళు రాసుకుంటున్నాడు.

"సమాధి అంటే మనవాళ్ళు ఒక్కరైనా చేరతారా చెప్పు? అమావాస్య అని కొత్త కారు డెలివరీ వాయిదా వేసుకునే జనం! ముందు లీజు కానీ, తర్వాత చూద్దాం అన్నాడు బావ. ఇంతలో నువ్వు ఆ సిద్ధాంతి మాట మోసుకొచ్చావు. బావ ఎగిరి గంతేశాడు. 'వంక దొరికింది దామూ' అన్నాడు."

"నేను వంకనా?"

"నేననలేదు. బావ అన్నాడు."

"మీరు విన్నారుగా! విని నాకు చెప్పలేదుగా! అవని నాతో మాట్లాడటం మానేసింది. 'పక్కిల్లు నాదేనే, నాతో రా' అని నేనంటేనే వాళ్ళు ఇందులో చేరారు. వాళ్ళాయన పవన్‌కి ఉద్యోగం పోయి వాళ్ళు అల్లాడుతుంటే, వాళ్ళని ముంచింది నా వాస్తు పిచ్చే అనుకుంటోంది. మీ బావ నన్ను నిలబెట్టి కడిగేస్తుంటే మీరు పక్కన నిలబడి పులిహోర తిన్నారు. రెండోసారి అడిగి పెట్టించుకున్నారు కూడా."

"ఏం చేయమంటావు? నాకూ తెలుసని గుడిలో అరవమంటావా?"

"అదే చేయాల్సింది."

ఆయన తల వంచుకున్నాడు. రేణుకి ఒళ్ళు మండిపోతోంది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ, రాలేదు. వచ్చిందల్లా కసి.

"ఆదివారం సాయంత్రం మీ బావ కొత్తగా చూసిన రెండో స్థలం మీటింగు మన బేస్‌మెంట్‌లోనేగా," అంది. "అందరూ వస్తారుగా. మార్తాని టీవీలో కూర్చోబెట్టి, మీ బావని ఉతికి ఆరెయ్యకపోతే నా పేరు రేణు కాదు."

దామోదర్ చటుక్కున తలెత్తాడు. చాలా తేలిగ్గా అన్నాడు.

"బావ పేరు చెప్పించు. నాది వద్దు."

రేణు ఆ మనిషిని ఎగాదిగా చూసింది. అక్క మొగుడని పాతికేళ్ళుగా నెత్తిన పెట్టుకున్నవాణ్ణి, అర నిమిషంలో అప్పజెప్పేశాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ మాత్రం తనంతట తానే పక్కవాణ్ణి పట్టిచ్చాడు.

"మీరే లేచి అందరి ముందూ నిజం చెప్పండి," అంది చివరికి. "అప్పుడు నేను నోరెత్తను. మార్తాని పిలవను."

"చూద్దాం."

"చూద్దాం కాదు."

"చూద్దాం అన్నానుగా," అని ఆయన స్నానానికి వెళ్ళిపోయాడు.

* * *

ఎంతైనా మొగుడు గదా. శుక్రవారం పొద్దున రేణు మార్తాకి మెసేజ్ పెట్టింది. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో అందరూ ఉంటారు, అప్పటికి అక్కడ మీకు సోమవారం ఉదయం అవుతుంది, బడికి వెళ్ళే ముందు వీడియోలోకి రండి, రఘువీర్ చేసింది చెప్పండి, రెండో ఆయన పేరు మాత్రం వదిలేయండి అని బతిమాలింది.

జవాబు వెంటనే వచ్చింది. ఆవిడ ఇంగ్లీషు బడిపిల్లలకి చెప్పినట్టు విడివిడిగా ఉంటుంది. "మా నాయనమ్మ దగ్గర జరిగింది నేను సగం చెప్పను. చెప్తే ఇద్దరి పేర్లూ చెప్తాను. లేకపోతే ఎవరి పేరూ చెప్పను. ఏది కావాలో నువ్వు ఆలోచించుకో."

ఫోను ఇంకా చేతిలో ఉండగానే మోగింది. అవని!

ఇన్నాళ్ళకి. వరంగల్ అమ్మాయి, అరోరాలో రేణుకి మొదటి స్నేహితురాలు. ఒకరి పిల్లకి ఒకరు జ్వరం మందు పోసిన రోజులున్నాయి.

"అవనీ! ఎలా ఉన్నావే?"

"మంచిగనే ఉన్న. ఒక్కటి అడగనీకి చేసిన," అంది అవని, పలకరింపు తుంచేసి. "మీ రఘువీర్ అన్నయ్య రెండో జాగ అంటుండు గదా. మొదటి దాంట్ల ఉన్నోళ్ళు చేరితే పాత పైసలు గూడ అందులనే సర్దుతమంటుండు. పవన్ మస్తు తొందరపడుతున్నడు. నాకైతే భయమైతుంది. నీకేమన్న తెలుసా?"

తెలుసు. నాలుక చివర ఉంది. ఒక్క మాట అంటే అయిపోతుంది.

కానీ రేణుకి రోషం వచ్చింది. ఇన్నాళ్ళూ ఫోనెత్తని మనిషి, ఎత్తినా తన బాగోగులు అడగని మనిషి, ఇప్పుడు అవసరానికి చేసిందా? అదీగాక, ఇప్పుడు అవనికి చెప్తే సాయంత్రానికల్లా రఘువీర్‌కి తెలిసిపోతుంది. ఆదివారం అతను రాడు. వచ్చినా ఏదో కథ అల్లుకుని వస్తాడు. అందరి ముందూ, నోట్లో ముద్ద ఉండగా, అతని ముఖం మాడిపోవడం రేణు చూడాలి. అవని కూడా చూడాలి. చూసి తన దగ్గరికి వచ్చి, 'తప్పయిందే' అనాలి.

"ఆదివారం మా ఇంటికి రా," అంది. "అన్నీ తెలుస్తాయి."

"గంతేనా?"

"అంతే. తప్పకుండా రా."

"సరే," అంది అవని.

* * *

శనివారం దమయంతి వచ్చింది. రఘువీర్ భార్య, దామోదర్‌కి అక్క, రేణుకి ఆడపడుచు. ఆదివారం జనానికి బిరియానీ వండటానికని పెద్ద గిన్నె మోసుకుని వచ్చింది. దాన్ని స్టవ్ మీద ధన్‌మని పెట్టింది.

"నీ ఇంట్లో అడుగుపెట్టకూడదనుకున్నాను. మా ఆయన పంపితే వచ్చాను," అంది.

"పెట్టారుగా వదినా. ఉల్లిపాయలు తరగండి."

దమయంతి కత్తి తీసుకుంది. నాలుగు ఉల్లిపాయలయ్యేదాకా నోరు విప్పలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, అంతసేపు ఊరుకుందంటే గొప్పే.

"ఆర్నెల్లున్నాను రేణూ ఆ సుంబాలో. వెదురు ఇంట్లో. మొదట్లో పెరుగు లేదని ఏడ్చాను, పక్కింటి పందులు రాత్రంతా గుర్రుమంటుంటే నిద్రపట్టక ఏడ్చాను. తర్వాత అలవాటైపోయింది. పొద్దున్నే మార్తా వాళ్ళ అరుగు మీద కూర్చుంటే ఎంత ప్రాణంగా ఉండేదో! వాళ్ళ ఇళ్ళ ముందే ఉంటాయి వాళ్ళ పెద్దవాళ్ళ రాళ్ళు. వాటి మీద కాఫీ గింజలు ఎండబోసుకుంటారు, పిల్లలు ఎక్కి ఆడుకుంటారు. మనలా భయపడరు. బతికినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ ఒకే వాకిట్లో ఉంటారు."

"మరి మన స్థలంలో రాయి కూడా అలాంటిదేనని మీకు అనిపించలేదా?"

"ఇళ్ళు లేని చోట ఉంది గదా అది! అడిగాను మీ అన్నయ్యగారిని. ఉత్త బండే అన్నారు." కత్తి ఆగింది. "అది తీసిన మర్నాడు మార్తా ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది. నా ముఖం చూసింది. మళ్ళీ వేసేసింది. ఎందుకో నాకు చెప్పనైనా చెప్పలేదు. అంత స్నేహం నీ మూలాన పోయింది. నీ వాస్తు పాడుగాను!"

రేణు గుప్పెట్లో పుదీనా నలిగిపోయింది. చెప్పేద్దామా ఇప్పుడే? నీ మొగుడు నీకే అబద్ధం చెప్పాడని? వద్దు. రేపు. రేపు అందరితో పాటే ఈవిడకీ వడ్డించాలి.

"ఇంకో రెండు ఉల్లిపాయలు తరగండి వదినా," అంది. "రేపు చాలామంది వస్తారు."

* * *

ఆదివారం ఆరింటికి బేస్‌మెంట్ నిండిపోయింది. గరాజ్‌లో చెప్పులు కుప్ప పడ్డాయి. రఘువీర్ ఇస్త్రీ మడత నలగని నార చొక్కా వేసుకుని టీవీ పక్కన నిలబడ్డాడు. తెర మీద సముద్రం, పచ్చటి కొండ, వాలు కప్పుల ఇళ్ళ బొమ్మలు.

అవని, పవన్ చివర్లో వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. రేణు చూసింది. అవని తల దించుకుంది.

"ఈ రెండో స్థలం ఇంకో పల్లెలో. ఆ మొదటి గొడవతో దీనికి సంబంధం లేదు," అంటున్నాడు రఘువీర్. "అక్కడ పదేళ్ళలో ఎయిర్‌పోర్ట్ పెద్దదవుతుంది. ఇవాళ చేరినవాళ్ళు రేపు నాకు థాంక్స్ చెప్తారు."

"అన్నా, మళ్ళీ ఏ సమాధో బయటపడదు గదా?" అన్నారెవరో.

రఘువీర్ గట్టిగా నవ్వాడు. "లేదు లేదు. ఈసారి ఒకటే జాగ్రత్త. ఫొటోలు మా చెల్లెమ్మకి చూపించొద్దు! చూపిస్తే ఈశాన్యంలో సముద్రం ఉంది, తీసి నైరుతిలో పెట్టమంటుంది!"

గది గొల్లుమంది. బిరియానీ ప్లేట్లు పట్టుకున్న చేతులు కూడా ఊగిపోయాయి.

రేణు మొగుడి వైపు చూసింది. ఇదే సమయం. లేచి ఒక్క మాట అనాలి. దామోదర్ ఆమెను చూశాడు, చూపు తిప్పుకున్నాడు. పక్కనున్న ఆయన ఏదో జోక్ కలిపితే, పెదాలు విడదీసి, అందరితో పాటు తనూ నవ్వాడు.

ఆ నవ్వుతో రేణుకి మిగిలిన మొహమాటం కాస్తా తెగిపోయింది.

"స్మృతీ, కనెక్ట్ చెయ్యి."

"అమ్మా," అంది స్మృతి లాప్‌టాప్ పట్టుకుని, గుసగుసగా. "ఆర్ యు షూర్? డాడ్ పేరు కూడా చెప్తుంది ఆమె."

"నాకు తెలుసు. చెయ్యి."

సముద్రం పోయి తెర మీద ఒక ముఖం వచ్చింది. తల నున్నగా దువ్వుకుని, బడికి తయారైన నడివయసు ఆవిడ. వెనక కిటికీలోంచి ఉదయపు ఎండ. దమయంతి "మార్తా!" అని లేచి నిలబడింది.

"ఏంటిది చెల్లెమ్మా?" అన్నాడు రఘువీర్. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది గానీ, మెడ కింది నుంచి రంగు మారుతోంది. "దామూ, ఆపించరా."

దామోదర్ కదలలేదు.

"మార్తా గారూ," అంది రేణు ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా. "మీరు ఇద్దరి పేర్లూ చెప్పండి."

మార్తా చెప్పింది. గొంతు పెంచలేదు. ఆకూ వక్కా ఎక్కడ పెట్టిందో, ఏమని పెట్టిందో చెప్పింది. రఘువీర్ పుచ్చుకుని ఏమన్నాడో చెప్పింది. 'మా దేశంలోనూ తాంబూలం పుచ్చుకుంటే మాట తప్పం' అన్నాడట. తర్వాత దామోదర్ పేరు చెప్పింది. కళ్ళు తిరగడం, మంచినీళ్ళివ్వడం, అన్నీ చెప్పింది.

"నాకు మీ డబ్బు వద్దు," అంది చివర్న. "ఆ ఇద్దరూ వచ్చి మా నాయనమ్మని తమ చేతులతో మళ్ళీ ఆమె చోట ఉంచాలి. అప్పటిదాకా ఆ కొండ మీద ఎవరూ ఇటుక పెట్టరు."

వెనక వరసలో పవన్ నోటిదాకా తెచ్చిన ముద్దని ప్లేట్లో దించేశాడు.

"అబద్ధం!" అన్నాడు రఘువీర్. "రేటు పెంచుకోవడానికి ఆడే నాటకం ఇది. ఈ పల్లెటూరి..."

"నోరు మూసుకోండి," అంది దమయంతి. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం ఎవరూ వినలేదు. "ఉత్త బండ అని చెప్పారు నాకు. నేను ఆవిడ గుమ్మం ముందు కుక్కలా నిలబడ్డాను."

రఘువీర్ సోఫా అంచు మీద కూలబడ్డాడు. నార చొక్కా చంకల కింద తడిసిపోయింది. రేణు తనివితీరా చూసింది. గుడి క్యాంటీన్‌లో తను నిలబడ్డట్టే ఇవాళ అతను కూర్చున్నాడు, చూపు ఎక్కడ పెట్టాలో తెలియక. ఆమె కడుపు చల్లబడింది. దామోదర్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆయన మీద జాలేస్తుందేమోనని వెతుక్కుంది. లేదు. ఆయన అలా కూలిపోవడం చూడటం కూడా తీయగానే ఉంది.

అప్పుడు అవని లేచింది. వరసలు దాటుకుంటూ ముందుకు వచ్చింది. ఇన్నాళ్ళూ రేణు ఎదురుచూసింది ఈ నడక కోసమే. వచ్చి చేతులు పట్టుకుంటుందనుకుంది. తన చేతులు కూడా చాపింది.

అవని ఆ చేతుల్ని చూసి, అడుగు దూరంలోనే ఆగింది.

"ఈ మార్తాతోని ఎప్పుడు మాట్లాడినవ్?"

"గురువారం."

"నేను నీకు ఫోన్ చేసింది శుక్రవారం."

"అవనీ, అది..."

"భయమైతుంది, ఏమన్న తెలుసా అని అడిగిన నిన్ను. అప్పటికే నీకు ఇదంత ఎరికేనా?"

గది మొత్తం రేణు వైపు తిరిగింది. చేతుల్లోంచి ముఖం ఎత్తి దామోదర్ కూడా చూస్తున్నాడు, ఈమె ఏం చెప్తుందో విందామన్నట్టు.

"తెలుసు," అంది రేణు.

అవని తలూపింది. అరవలేదు. వెనక వరసలో పవన్ ఇంకా ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, తినకుండా కూర్చున్నాడు.

"రెండో జాగ కోసమని ఇల్లు కుదువ పెట్టి, ఆ శుక్రవారం సాయంత్రమే సంతకం చేసొచ్చిండే," అంది అవని. "నేను వద్దంటనే ఉన్న. కానీ నువ్వు తెలిసిన మనిషివి, ప్రమాదముంటే అప్పుడే చెప్తుంటివి గదా అనుకొని, నేనే పొమ్మన్న."